వ్యానులో ఇల్లు కట్టి చూడు

సామాన్లు మోసే మామూలు వ్యానును పడుకోవడానికి, వండుకోవడానికి, నచ్చిన చోట ఆగి నాలుగు రోజులు ఉండటానికి వీలుగా మార్చుకుంటే అది క్యాంపర్ వ్యాన్ అవుతుంది. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఈ పనిని సొంత చేతులతో చేసుకునేవారు చాలామంది ఉన్నారు. ఫియట్ డుకాటో, మెర్సిడెస్ స్ప్రింటర్, ఫోర్డ్ ట్రాన్సిట్ లాంటి పాత డెలివరీ బండిని కొని, ఇంటి ముందు నిలబెట్టి, సెలవు రోజుల్లో చెక్కపని, వైరింగు, కుళాయి అన్నీ తామే అమర్చుకుంటారు. పూర్తయిన వ్యాన్‌లో మొదట కంటికి ఆనేవి నున్నటి చెక్క గోడలు, మెత్తటి పరుపు, దీపాల వెలుగు. అయితే ఆ బండి పదేళ్లు హాయిగా తిరుగుతుందా, రెండు చలికాలాలకే తుప్పుపట్టి బూజు వాసన కొడుతుందా అన్నది తేల్చేవి పైకి కనిపించని పొరలు: రేకు మీద ప్రైమరు, గోడ వెనక ఇన్సులేషన్, వైరు మందం, ఫ్యూజు, బోల్టు పట్టు. అందుకే ఇందులో పని ఎంత బాగా చేశారన్నదానితో పాటు ఏ వరుసలో చేశారన్నదీ ముఖ్యం. ముందు చేయాల్సింది మరిచి వెనకది చేస్తే కట్టిందంతా విప్పుకోవాలి.

ఈ ఆలోచనకు డెబ్బై ఏళ్లు దాటాయి. ఫోక్స్‌వ్యాగన్ 1950లో టైప్-2 వ్యాన్ల తయారీ మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే జర్మనీలోని రేడా-వీడెన్‌బ్రూక్ పట్టణానికి చెందిన వెస్ట్‌ఫాలియా సంస్థ ఆ బండి కోసం 'క్యాంపింగ్ బాక్స్' తెచ్చింది. కావలసినప్పుడు లోపల పెట్టుకుని, అక్కర్లేనప్పుడు తీసి పక్కన పెట్టగల చెక్క సామాను అది. వారమంతా సరుకు మోసిన బండే సెలవులకు ఇల్లయ్యేది. నేటి సొంత తయారీదారులు చేస్తున్నదీ ఆ పనే. కాకపోతే ఇప్పుడు దానికి లిథియం బ్యాటరీ, సోలార్ ప్యానెల్, డీజిల్ హీటరు తోడయ్యాయి.

కొలత, బరువు

పని కాగితం మీద మొదలుకావాలి. యూరప్‌లో ఎక్కువగా మార్చుకునే మధ్యరకం డుకాటోలో సరుకు గది పొడవు 3.12 మీటర్లు, వెడల్పు 1.87 మీటర్లు, ఎత్తు 1.93 మీటర్లు. నేల వైశాల్యం 63 చదరపు అడుగులు. మంచం, పొయ్యి, నీళ్లు, బట్టలు, కూర్చునే చోటు అన్నీ అందులోనే సర్దాలి. డుకాటోకు అంత ఆదరణ ఉండటానికి ఒక కారణం దాని వెడల్పు. గోడలకు ఇన్సులేషన్, చెక్క బిగించాక కూడా ఒక మోస్తరు ఎత్తున్న మనిషి అందులో అడ్డంగా పడుకోగలడు. మంచం నిలువుగా కాక అడ్డంగా పడితే గది పొడవులో అర మీటరు మిగులుతుంది. ఆ అర మీటరులో ఒక బల్లో, చిన్న బాత్‌రూమో పడుతుంది. స్ప్రింటర్ వెడల్పు అంతకన్నా తక్కువ కాబట్టి పొడుగైనవారు అందులో మంచాన్ని నిలువుగానే వేసుకుంటారు.

చెక్క కోసే ముందు అట్టపెట్టెలతో ఒక నమూనా కట్టి చూడటం మంచి అలవాటు. మంచం ఎత్తున ఒక అట్ట, వంటబల్ల ఎత్తున ఒక అట్ట నిలబెట్టి లోపల తిరిగితే కాగితం మీద తెలియని ఇబ్బందులు తెలుస్తాయి. మంచం మీద కూర్చుంటే తల పైకప్పుకు తగులుతోందా, పక్క తలుపు తీసి ఉన్నప్పుడు వంటబల్ల అడ్డమొస్తోందా, సొరుగు లాగితే మనిషి నిలబడే చోటు మిగులుతోందా అన్నవి అక్కడే తేలిపోవాలి.

కొలత తర్వాత బరువు. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో నడపాలంటే బండికి అనుమతించిన మొత్తం బరువు 3,500 కిలోలు దాటకూడదు. ఖాళీ వ్యానే రెండు టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. మిగిలిన టన్నున్నరలోనే చెక్క, బ్యాటరీలు, నీళ్లు, గ్యాస్, సైకిళ్లు, బట్టలు, మనుషులు అంతా ఇమడాలి. వినడానికి ఎక్కువగానే ఉంటుంది కానీ ఖర్చయిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఎనిమిది బై నాలుగు అడుగుల 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ షీటు దాదాపు 24 కిలోలు తూగుతుంది. అదే మందంలో పోప్లార్ ప్లైవుడ్ 16 కిలోలే. పది షీట్లు వాడితే 80 కిలోల తేడా, అంటే ఒక మనిషి బరువు. ఎండీఎఫ్ వీటన్నిటికంటే బరువు, పైగా తేమ తగిలితే ఉబ్బిపోతుంది. వ్యానులో దానికి చోటు ఇవ్వకపోవడమే మేలు.

ఖాళీ బండిని ఒకసారి, సగం పనిలో ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి కాటా మీదికి ఎక్కించాలి. ముందు ఇరుసు, వెనక ఇరుసు బరువులు విడివిడిగా చూడాలి, ఎందుకంటే మొత్తం బరువు హద్దులో ఉన్నా ఒక ఇరుసు మీద మోత మించిపోవచ్చు. నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, ఫ్రిజ్ లాంటి బరువైన వస్తువులు కిందుగా, రెండు ఇరుసుల మధ్య, కుడి ఎడమలకు సమంగా పంచితే బండి మలుపుల్లో నిలకడగా ఉంటుంది.

రేకు దాకా విప్పడం

పాత బండిలో నేల చెక్కను, గోడల అట్టలను తీసేసి రేకు కనిపించేదాకా రావాలి. తుప్పు దాక్కునేది నేల చెక్క కింద, చక్రాల గూళ్ల మీద, పాత స్క్రూల చుట్టూ. దాన్ని వైరు బ్రష్‌తో మెరిసే ఇనుము కనిపించేవరకు గీకి, ప్రైమరు, ఆపైన రంగు వేయాలి. ఈ దశలో వదిలేసిన చిన్న తుప్పు మచ్చ గోడ మూసేశాక ఎవరికీ కనిపించకుండా పెరుగుతుంది.

కిటికీలకు, పైకప్పు ఫ్యానుకు రంధ్రాలు కోయాల్సిందీ ఇప్పుడే. పైకప్పు ఫ్యానుకు అమెరికాలో 14 అంగుళాల చదరం, యూరప్‌లో 40 సెంటీమీటర్ల చదరం వాడుకలో ఉంది. నాలుగు మూలల్లో డ్రిల్లుతో రంధ్రం చేసి, జిగ్‌సాతో అంచులు కోస్తారు. అప్పుడు రాలే ఇనుప రజను విషయంలో జాగ్రత్తపడాలి. ఒక్క తడి రాత్రి గడిస్తే ప్రతి రేణువూ రంగు మీద ఒక తుప్పు చుక్కగా మారుతుంది. అందుకే ముందే కింద దుప్పటి పరిచి, పైకప్పు మీద కాగితం అతికించి, పని కాగానే అయస్కాంతంతో ఊడ్చినట్టు ఏరేయాలి. కోసిన అంచును ఆకురాయితో నునుపు చేసి, ప్రైమరు రెండు పూతలు పూసి, అది పూర్తిగా ఆరాకే సీలెంటు పెట్టి ఫ్యాను దించాలి. ప్రైమరు ఆరకముందే తొందరపడితే సీలెంటు రేకును వదిలి రంగుతో సహా ఊడొస్తుంది. మొదటి పెద్ద వానకు నీరు కారే వ్యాన్లలో చాలావాటి కథ ఇదే.

రేకు మోగకుండా అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ రబ్బరు ముక్కలు అతికిస్తారు. గోడ మొత్తం కప్పనక్కర్లేదు. పెద్ద రేకు పలకల మధ్యభాగంలో పావు వంతు నుంచి మూడో వంతు మేర అతికిస్తే మోత బాగా తగ్గుతుంది. అంతకు మించి వేసినా బరువు పెరగడమే తప్ప ఫలితం పెద్దగా పెరగదు.

చెమ్మతో పోరు

చలిదేశాల్లో వ్యాను ఇంటికి అన్నిటికన్నా పెద్ద శత్రువు చెమ్మ. నిద్రలో ఇద్దరు మనుషులు ఊపిరి, చెమట రూపంలో రాత్రికి సుమారు అర లీటరు నీటిని గాలిలోకి వదులుతారు. లోపల గ్యాస్ పొయ్యి వెలిగిస్తే ఇంకాస్త చేరుతుంది. ఒక కిలో ప్రొపేన్ పూర్తిగా మండితే 1.6 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. లోపల 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్నప్పుడు ఆ గాలి 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీటి బొట్లు కడుతుంది. బయట మంచు కురుస్తున్న రాత్రి వ్యాను రేకు సున్నా దగ్గర ఉంటుంది. గోడ వెనక్కి గాలి చొరబడిన ప్రతిచోటా నీరు కారి, తుప్పు, బూజు మొదలవుతాయి.

దీనికి మందు మూడు పనులు కలిపి చేయడం: రేకును వెచ్చటి గాలి తాకకుండా కప్పడం, తేమను బయటికి పంపడం, నీటి ఆవిరిని లోపల పుట్టనివ్వకుండా వీలైనంత అదుపు చేయడం.

కప్పడానికి రకరకాల సరుకు ఉంది. రేకుకు నేరుగా అతుక్కునే మూసిన గడుల రబ్బరు ఫోమును చాలామంది ఇష్టపడతారు, ఎందుకంటే రేకుకు, ఫోముకు మధ్య గాలికి చోటే మిగలదు, ఆవిరి దాని గుండా పోలేదు. ఎక్స్‌పీఎస్ ఫోము పలకలు నేలకు, చదునైన చోట్లకు సరిపోతాయి. గొర్రె ఉన్నిని, పాలిస్టర్ దూదిని ఇరుకు గూళ్లలోకి కూరవచ్చు. వేడిని ఆపడంలో వీటి మధ్య తేడా అంత ఎక్కువ కాదు. చాలావాటి ఉష్ణవాహకత మీటరు-డిగ్రీకి 0.03 నుంచి 0.04 వాట్ల మధ్యే. ఉక్కుకు అదే సంఖ్య 50 చుట్టూ ఉంటుంది. అందుకే రేకు పక్కటెముకలను కప్పకుండా వదిలేస్తే వాటి గుండానే వేడి పారిపోతుంది, నీటి బొట్లు కూడా ముందుగా అక్కడే కనిపిస్తాయి. పలచటి ఫోము పట్టీనైనా వాటి మీద అతికించాలి.

ఇన్సులేషన్ ఎంత మేలు చేస్తుందో చిన్న లెక్క చెబుతుంది. గోడలు, పైకప్పు కలిపి 20 చదరపు మీటర్లు, లోపలికి బయటికి 20 డిగ్రీల తేడా అనుకుంటే, ఒట్టి రేకు గుండా రెండు కిలోవాట్లకు పైగా వేడి పోతుంది. 25 మిల్లీమీటర్ల ఫోము ఉంటే అది అర కిలోవాటుకు దిగుతుంది. మందం రెట్టింపు చేస్తే మిగిలేది ఇంకో పావు కిలోవాటే. కానీ రెండు వైపులా కలిపి గది వెడల్పు ఐదు సెంటీమీటర్లు తగ్గుతుంది. అడ్డంగా పడుకునే మనిషికి ఆ ఐదు సెంటీమీటర్లు చాలా విలువైనవి.

తేమను బయటికి పంపేది పైకప్పు ఫ్యాను. గాలి బయటికి పోవాలంటే ఎక్కడో ఒక చోట లోపలికి రావాలి కాబట్టి కిటికీ ఒక సందు తెరిచి ఉంచాలి. చలి రాత్రయినా ఫ్యానును అతి తక్కువ వేగంలో తిప్పితే తెల్లారేసరికి అద్దాలు పొడిగా ఉంటాయి. డ్రైవరు వైపు అద్దాలకు ఇన్సులేషన్ వేయడం కుదరదు కనుక రాత్రిపూట మందపాటి తెరలు కప్పుకోవాలి.

నేల, గోడలు, పైకప్పు

నేల రేకు గాళ్లుగాళ్లుగా ఉంటుంది. దాని మీద సన్నటి చెక్క రీపర్లు అతికించి, మధ్యలో ఎక్స్‌పీఎస్ పలకలు నింపి, పైన 9 నుంచి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచి, ఆపైన వినైల్ షీటు వేస్తారు. నేలకు స్క్రూలు దించే ముందు బండి కిందికి దూరి చూడటం తప్పనిసరి. డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్ల కట్టలు సరిగ్గా అక్కడే ఉంటాయి. జిగురుతో నిలిచే చోట స్క్రూ వాడకపోతే రేకుకు ఒక రంధ్రం తప్పుతుంది.

గోడలకు రీపర్లు బిగించడానికి వ్యాను పక్కటెముకల్లో కంపెనీ వదిలిన రంధ్రాలే అక్కరకొస్తాయి. వాటిలో రివెట్ నట్లు దించితే లోపల మర ఏర్పడుతుంది. బోల్టును ఎన్నిసార్లు విప్పినా, బిగించినా పట్టు పోదు. ప్రతి గోడ పలకనూ మళ్లీ విప్పగలిగేలా బిగించడం దూరదృష్టి. ఎప్పుడో ఒక రోజు ఒక వైరు వెతకాల్సి వస్తుంది. గోడ మూసే ముందు వైర్లు పోయిన దారులన్నీ కొలతబద్ద పక్కన పెట్టి ఫొటోలు తీసి ఉంచుకుంటే ఆ రోజు చాలా శ్రమ తప్పుతుంది.

గోడ మీద పైపొరకు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు సాగే గుణమున్న కార్పెట్ గుడ్డ అతికిస్తే తేలిక, వంపులకు కూడా చక్కగా ఒదుగుతుంది. గాడి కలిపిన చెక్క పట్టీలు అందంగా ఉంటాయి కానీ బరువు ఎక్కువ, పైగా గాలిలో తేమ మారేకొద్దీ ఉబ్బుతూ, కుంచించుకుపోతూ కిర్రుమంటాయి. పట్టీల మధ్య సన్నటి ఎడం వదిలితే ఆ చప్పుడు తగ్గుతుంది.

కరెంటు లెక్క

బ్యాటరీ ఎంత పెద్దది కొనాలో దుకాణంలో నిర్ణయించేది కాదు. ముందు రోజువారీ ఖర్చు రాసుకోవాలి. 45 వాట్ల కంప్రెసర్ ఫ్రిజ్ రోజులో నలభై శాతం సేపు నడిస్తే 430 వాట్-అవర్లు. ఫ్యాను 25 వాట్ల చొప్పున ఎనిమిది గంటలకు 200. ల్యాప్‌టాప్, ఫోన్లకు 210. నాలుగు ఎల్‌ఈడీ దీపాలు, నీళ్ల పంపు కలిపి 60 లోపే. మొత్తం రోజుకు దాదాపు 900 వాట్-అవర్లు.

12.8 వోల్టుల వద్ద 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 వాట్-అవర్లు ఉంటాయి, దాదాపు అంతా వాడుకోవచ్చు. ఒక రోజు దాటి కొంత మిగులుతుంది. అదే కొలత సీసం బ్యాటరీలో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది, కాబట్టి చేతికొచ్చేది 600 మాత్రమే. ఒక రోజుకూ చాలదు. లిథియం బ్యాటరీకి ఒక నియమం ఉంది: గడ్డకట్టే చలిలో, అంటే సున్నా డిగ్రీల కింద, దాన్ని ఛార్జ్ చేయకూడదు. అందుకే దాన్ని వెచ్చగా ఉండే గదిలోపలే అమర్చుతారు.

నింపే దారులు రెండు. పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్ వేసవిలో చాలావరకు ఆ రోజు ఖర్చు భర్తీ చేస్తుంది. ఉత్తర యూరప్ చలికాలంలో దాని మీద ఆశ పెట్టుకోలేం. బండి నడుస్తున్నప్పుడు ఇంజను ఆల్టర్నేటర్ నుంచి 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జరు గంటకు దాదాపు 400 వాట్-అవర్లు ఇస్తుంది. రెండున్నర గంటల ప్రయాణంలో ఒక రోజు ఖర్చు సమకూరుతుంది.

వైరు మందం దగ్గర అలక్ష్యం పనికిరాదు. ఇంట్లో 230 వోల్టుల వద్ద రెండు కిలోవాట్ల కెటిల్ తీసుకునేది తొమ్మిది ఆంపియర్లలోపే. అదే కెటిల్‌ను 12 వోల్టుల బ్యాటరీతో ఇన్వర్టరు ద్వారా నడిపితే బ్యాటరీ తీగలో 170 ఆంపియర్లకు పైగా పారుతుంది. బొటనవేలంత లావు తీగ, వీలైనంత తక్కువ దూరం, గట్టి బిగింపు లేకపోతే అక్కడ మంట పుట్టవచ్చు. చిన్న ప్రవాహాల్లో కూడా తేడా తెలుస్తుంది. బ్యాటరీకి ఐదు మీటర్ల దూరంలో ఉన్న ఫ్రిజ్‌కు 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే, నాలుగు ఆంపియర్ల వద్ద దారిలోనే దాదాపు అర వోల్టు పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పోయేది 0.2 వోల్టు లోపే. బ్యాటరీ కాస్త దిగిన రాత్రి ఫ్రిజ్ ఆగిపోవడానికీ ఆగకుండా నడవడానికీ మధ్య ఉన్న తేడా చాలాసార్లు ఇంతే.

ప్రతి వైరుకూ ఫ్యూజు ఉండాలి, అది బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఫ్యూజు కాపాడేది వైరును. అందుకే దాని విలువను పరికరాన్ని బట్టి కాక వైరు మోయగల ప్రవాహాన్ని మించకుండా ఎంచుకోవాలి. ఇళ్లలో వాడే ఒంటి తీగ వైరు బండి కుదుపులకు విరిగిపోతుంది కాబట్టి సన్నటి పోగులున్న వైరే వాడాలి. రేకు రంధ్రం గుండా వైరు పోయే ప్రతి చోటా రబ్బరు బుష్ వేయాలి. లేకపోతే పదునైన అంచు నెలల తరబడి ఒరుసుకుని తొడుగును కోసేస్తుంది. 230 వోల్టుల పని, బయటి కరెంటు కనెక్షన్ అర్హతగల ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టడమే క్షేమం.

మంచం, అలమరలు

వెనక భాగంలో ఎత్తుగా మంచం వేసి, దాని కింద సామాన్ల గది వదలడం చాలామంది ఎంచుకునే పద్ధతి. మంచం మీద కూర్చోవడానికి పరుపుకూ పైకప్పుకూ మధ్య 90 సెంటీమీటర్లయినా కావాలి. చట్రానికి అల్యూమినియం గాడి కడ్డీలు వాడితే వెల్డింగు అక్కర్లేదు, రెంచితోనే బిగించవచ్చు, తర్వాత మార్చుకోవచ్చు. పరుపును ప్లైవుడ్ పలక మీద నేరుగా వేయకూడదు. ఒంటి నుంచి వచ్చే ఆవిరి కింది చల్లటి పలకను చేరి అక్కడ తేమగా నిలుస్తుంది, కొన్ని వారాల్లో పరుపు అడుగున నల్లటి బూజు మచ్చలు తేలుతాయి. ఎడం వదిలిన చెక్క పట్టీలు, వాటి మీద గాలి ఆడే వల పొర వేస్తే ఈ బాధ ఉండదు.

అలమరలు ఇంట్లోవి చేసినట్టు చేస్తే రోడ్డు మీద నిలవవు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ బండి దేన్నయినా గుద్దుకుంటే, కట్టి ఉంచని వస్తువు మూడంతస్తుల మేడ మీంచి కింద పడినంత ఊపుతో ముందుకు దూసుకొస్తుంది. కాబట్టి ప్రతి అలమరా చెక్క గోడకు కాక వ్యాను పక్కటెముకలకు, నేల రేకుకు బోల్టులతో పట్టు దొరికేలా ఉండాలి. మూలలకు జిగురు, స్క్రూ రెండూ పడాలి. సొరుగులకు, తలుపులకు నొక్కితే తెరుచుకునే గడియలు పెట్టాలి. అయస్కాంతపు పట్లు మొదటి గట్టి మలుపుకే ఓడిపోతాయి. ఫ్రిజ్, బ్యాటరీ, గ్యాస్ సిలిండరు లాంటివి ఉక్కు పట్టీలతో రేకుకు కట్టి ఉండాలి.

ప్రయాణంలో మనుషులు కూర్చునే వెనక సీటు విషయంలో సొంత ప్రయోగాలకు చోటు లేదు. పరీక్షల్లో నెగ్గిన సీటు, బెల్టు కొని, నిపుణుల చేత ఛాసిస్‌కు బిగించుకోవాలి. ప్లైవుడ్ పెట్టెకు బిగించిన సీటు బెల్టు ప్రమాదంలో పెట్టెతో సహా ఊడొస్తుంది.

నీళ్లు, పొయ్యి, వెచ్చదనం

స్నానం వదిలేస్తే ఇద్దరికి వంటకు, కడుగులకు రోజుకు పది లీటర్లు సరిపోతాయి. సింకు కింద 20 లీటర్ల క్యాన్లు రెండు, ఒకటి మంచినీళ్లకు మరొకటి వాడిన నీళ్లకు, పైన చిన్న 12 వోల్టుల పంపు ఉంటే చాలు. క్యాన్‌ను బయటికి తీసి కడగవచ్చు, ఏ కుళాయి దగ్గరైనా నింపుకోవచ్చు. పెద్ద ట్యాంకు సౌకర్యమే, కానీ లీటరుకు కిలో చొప్పున బరువు మోయాలి, దాని లోపలి నాచును శుభ్రం చేయడం కష్టం, బండి కింద బిగిస్తే చలికాలంలో గడ్డకడుతుంది.

ఎల్‌పీజీ గాలికంటే బరువైన వాయువు. లీకైతే పైకి పోకుండా నేల మీద పరుచుకుంటుంది. అందుకే సిలిండరును గది నుంచి పూర్తిగా మూసివేసిన పెట్టెలో ఉంచి, ఆ పెట్టె అడుగున వాయువు నేరుగా రోడ్డు మీదికి జారిపోయేలా రంధ్రం ఉంచుతారు. గొట్టాల బిగింపు, లీకు పరీక్ష అర్హతగలవారు చేయాల్సిన పని. చలిదేశాల్లో బ్యూటేన్ కంటే ప్రొపేన్‌నే ఎంచుకుంటారు, ఎందుకంటే సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కావడం దాదాపు ఆగిపోతుంది, ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది. గ్యాస్ వద్దనుకుంటే ఇండక్షన్ పొయ్యి ఉంది. 1,800 వాట్ల పొయ్యి ఇరవై నిమిషాలు వెలిగితే 600 వాట్-అవర్లు ఖర్చు. బ్యాటరీని ఆ లెక్కతోనే కొనుక్కోవాలి.

వెచ్చదనానికి డీజిల్ హీటరు బాగా కుదురుతుంది. రెండు కిలోవాట్ల రకం గంటకు సుమారు 0.12 నుంచి 0.24 లీటర్ల డీజిల్ తాగుతుంది. మంట మూసిన గదిలో మండి, పొగ గొట్టం ద్వారా బండి కిందికి పోతుంది కాబట్టి లోపలికి పొడి వేడి మాత్రమే వస్తుంది, తేమ చేరదు. పొగ గొట్టం చివర కిటికీ, తలుపుల దగ్గరికి రాకుండా చూసుకోవాలి. గ్యాస్ వాడినా డీజిల్ వాడినా కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోటికి దగ్గరగా ఉండి తీరాలి. రంగు, వాసన లేని ఆ వాయువును పసిగట్టడం మనిషి వల్ల కాదు. యూరప్‌లో ఇలాంటి వాహనాల కోసం ప్రత్యేకంగా ఈఎన్ 50291-2 అనే ప్రమాణం ఉంది. దానికి తోడు పొగ అలారం, తలుపు దగ్గర అగ్నిమాపక సిలిండరు కావాలి.

ఉన్న వ్యానుకు చిన్న మెరుగులు

అన్నీ విప్పి కొత్తగా కట్టే ఓపిక లేనివారు చేసుకోగల మార్పులు కూడా తక్కువేమీ కాదు. పాత బల్బుల స్థానంలో వెలుగు తగ్గించుకోగల ఎల్‌ఈడీలు పెడితే కరెంటు ఖర్చు బాగా తగ్గుతుంది. పరుపు కింద వల పొర ఒక్క పూటలో వేసుకోవచ్చు. కిటికీల ఆకారానికి కోసిన ఇన్సులేషన్ ముక్కలకు అంచుల్లో అయస్కాంతాలు కుడితే అవి కిటికీ చుట్టూ ఉన్న రేకుకు అతుక్కుంటాయి. వెనక తలుపుల లోపలి వైపు, మంచం పక్క గోడ మీద గుడ్డ సంచులు కుట్టి వేలాడదీస్తే అలమరలకంటే తేలిక, ఖర్చూ తక్కువ. పాత ఫ్రిజ్ సరిగా పనిచేయకపోతే ముందు దాని వైరు మందం, వెనక గాలి ఆడే సందు చూడాలి. చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది.

చట్టం, వాతావరణం

యూరప్ చట్టాల ప్రకారం మోటార్ క్యారవాన్ అనిపించుకోవాలంటే సీట్లు, బల్ల, పడక, వంట సదుపాయం, సామాన్ల అర తప్పక ఉండాలి. బ్రిటన్‌లో రికార్డులో ఆ పేరు మార్చించుకోవాలంటే బయటి నుంచి చూసినా క్యారవాన్‌లా కనిపించాలని లైసెన్సు సంస్థ అడుగుతుంది. పక్క కిటికీలు, ఎత్తు పైకప్పు, పందిరి కడ్డీ లాంటి గుర్తులను చూస్తుంది. బీమా కంపెనీకి ముందే చెప్పి, పనిని దశలవారీగా ఫొటోలు తీసి పెట్టుకుంటే తర్వాత చిక్కులుండవు.

భారత్‌లో నియమాలు బిగువుగా ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన నమూనాతో తేడా వచ్చేలా వాహనాన్ని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కాబట్టి ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ లాంటి బండిని మార్చాలనుకునే తెలుగువారు రంపం చేతపట్టే ముందే ఆర్‌టీఓ కార్యాలయంలో అడిగి, అనుమతి ఉన్న తయారీదారు ద్వారా వెళ్లడమే దారి. ఇంటి గ్యాస్ సిలిండరును బండిలో పెట్టి వండటం చట్టరీత్యా తప్పు, ప్రాణానికీ ప్రమాదం.

మన వాతావరణానికి లెక్క తిరగబడుతుంది. చలిదేశంలో రక్షణ వేడిని లోపల నిలపడానికైతే, ఇక్కడ ఎండను బయటే ఆపడానికి. తెల్లటి పైకప్పు, దాని మీద రెండంగుళాల ఎడంతో నిలిపిన సోలార్ ప్యానెళ్ల నీడ, పక్కకు చాచే పందిరి, రెండువైపుల నుంచి గాలి ఆడే కిటికీలు, పైకప్పు ఫ్యాను, వీటి తర్వాతే ఇన్సులేషన్. ఇన్సులేషన్ ఒక్కదాన్నే నమ్ముకుంటే పగలంతా చేరిన వేడి రాత్రి బయటికి పోలేక లోపలే నిలిచిపోతుంది. విశాఖ నుంచి నెల్లూరు దాకా కోస్తా గాలిలో తేమ ఎక్కువ. ఏసీ నడిపితే చల్లబడిన గోడ మీదికి తేమ బయటి నుంచి చేరుతుంది. అక్కడ ఉన్ని, దూదికంటే తేమ పీల్చని మూసిన గడుల ఫోమే నమ్మదగినది.

పూర్తయ్యాక

అంతా బిగించిన తర్వాత మొదటి ప్రయాణం దూరం పెట్టుకోకూడదు. ఇంటి దగ్గరే ఒక రాత్రి లోపల పడుకుని ఫ్యాను, హీటరు, ఫ్రిజ్ నడిపించి, తెల్లారాక బ్యాటరీ ఎంత దిగిందో లెక్కతో పోల్చి చూడాలి. పైపుతో పైకప్పు మీద, కిటికీల చుట్టూ నీళ్లు కొట్టి లోపల వేలితో తడిమి చూడాలి. గతుకుల దారిలో గంటసేపు నడిపి వచ్చి ప్రతి బోల్టు, ప్రతి గడియ మళ్లీ బిగించాలి. నీళ్లు, సామాన్లు, మనుషులతో సహా బండిని చివరిసారి కాటా ఎక్కించాలి. ఆ పరీక్షల్లో తేలిన లోపాలు సరిచేశాకే వ్యాను దూర ప్రయాణానికి సిద్ధమైనట్టు. ఆ తర్వాత ఏటా ఒకసారి గ్యాస్ గొట్టాలు, సీలెంటు అంచులు, ఫ్యూజుల బిగింపు, అలారాల గడువు తేదీ చూసుకుంటూ ఉంటే చాలు.